మూడు చక్రాల బండి మీద వెనక సీటు

పొద్దున ఏడయ్యేసరికి టైలరమ్మ కుట్టుమెషీను ముందు కూర్చుని స్కూలు చొక్కాల కాలర్లు కుడుతోంది. చెయ్యి కాలర్ మీదే ఉంది గానీ, చూపు కిటికీలోంచి గేటు దగ్గరున్న బండి మీదికి పోతోంది. అది మామూలు బండి కాదు. ముందొక చక్రం, వెనక రెండు చక్రాలు ఉన్న మోటార్‌సైకిల్. మూడు వారాల కిందట ఇంటాయన తెచ్చాడు. గేట్లో పట్టకపోతే ఒక రెక్క ఊడదీసి గోడకి ఆనించారు, ఆమె పూలకుండీలు ఆరింటినీ మెట్ల కిందికి తోశారు. కుండీల సంగతి ఆమె ఎలాగో సర్దుకుంది. సర్దుకోలేనిది ఇంకోటుంది.

ఆ ఇంకోటి చేతిసంచీ ఊపుకుంటూ వీధిలోంచి వస్తూనే ఉంది. వదిన. ఇంటాయనకి సొంత అక్క, ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. నిన్నమొన్నటిదాకా బండి పేరెత్తితే ఆమడ దూరం జరిగేది. రెండు చక్రాల మీద మనిషి ఎలా నిలబడతాడో నాకర్థం కాదు అని, ఎంత ఎండలోనైనా నడిచే వెళ్లేది. ఇప్పుడేమో రోజూ ఏడింటికల్లా దిగుతోంది. వెనక సీటెక్కి, రెండు పక్కలా చేతులు ఆనించుకుని, సోఫాలో కూర్చున్నంత దర్జాగా కూర్చుంటోంది.

"అమ్మాయ్, వెళ్లొస్తాం" అంది వదిన కిటికీ వైపు చూసి.

టైలరమ్మ నోట్లో గుండుసూదులున్నట్టు నటించి తలూపింది. ఎక్కడికి వెళ్తున్నారని మొదటి వారమే అడిగింది. అక్కకి పొద్దున్నే ఏవో పనులున్నాయట, దింపేసి అటునుంచటే పనికి పోతానన్నాడు ఇంటాయన. రోజూ ఉండే పనులేమిటో, అక్కగారికే ఉండే పనులేమిటో ఆయన చెప్పలేదు, ఈమె మళ్లీ అడగలేదు. అడిగితే చిన్నబోతానని మూతి ముడుచుకుని ఊరుకుంది.

ఇంటాయన కుట్టుమెషీన్ల మెకానిక్. ఇల్లిల్లూ, కొట్టుకొట్టూ తిరిగి మెషీన్లు బాగుచేస్తాడు. ఇరవై రెండేళ్ల కిందట ఆమె మెషీను బాగుచెయ్యడానికి వచ్చినవాడే, తర్వాత ఆమెనే చేసుకున్నాడు. పెళ్లైన నాటి నుంచీ ఆయన పాత బండి మీద వెనక సీటు ఆమెది. మలుపు రాగానే ఆయన ఎటు వంగితే ఈమె అటు వంగేది, ఎంత వంగితే అంతే వంగేది. "నువ్వు వెనకున్నావని బండిక్కూడా తెలీదోయ్" అన్నాడొకసారి కొత్తలో. ఆ ఒక్క మాటా ఆమె ఇరవై రెండేళ్లుగా దాచుకుంది.

కొత్త బండి వచ్చిన రోజున ముచ్చటపడి ఎక్కింది. మొదటి మలుపులో అలవాటుగా వంగింది. "వంగకు, దీనికక్కర్లేదు" అన్నాడాయన. అంతే, ఆమె మనసు విరిగిపోయింది. మళ్లీ ఎక్కలేదు. నాలుగో రోజుకల్లా ఆ సీట్లో వదిన కనిపించింది. ఒళ్లు మండదా మరి?

మధ్యాహ్నం భోజనాల దగ్గర కాలేజీకి వెళ్లే కూతురు తల్లి ముఖం చూసి, బండి మంచిచెడ్డలు లెక్కేద్దామని మొదలెట్టింది. ఆగినా పడదు, కాలు కింద పెట్టక్కర్లేదు. గేర్లన్నీ చేతి దగ్గరే. వెనక పెట్టెలో నాలుగు మెషీన్లు పడతాయి. వెనక్కి నడిచే గేరు కూడా ఉంది. ఇంకేం కావాలి?

చెడ్డ మాత్రం తల్లే చెప్పింది, ఊపిరి తీసుకోకుండా. సందుల్లో దూరదు. కార్ల వెనక కారులాగే పడి ఉండాలి. మలుపులో మనిషిని బయటికి విసిరేస్తుంది. మామూలు బండికి గుంత తప్పించడానికి ఒక్క దారి చాలు, దీనికి మూడు దారులు కావాలి, ఒకటి తప్పించుకుంటే ఇంకోటి పడుతుంది. పైగా గేటు మింగింది, కుండీలు మింగింది.

"అమ్మా, నీ కోపం బండి మీదా, అత్త మీదా?" అంది కూతురు నవ్వుతూ.

మెకానిక్ తల వంచుకుని కొత్త బూట్ల తాళ్లు బిగించుకుంటున్నాడు. ఆ బూట్లు కూడా వదిన కొనిచ్చినవే. వేళ్ల దగ్గర లోపల ఇనప రేకున్న బరువైన బూట్లు. మొగుడికి బూట్లు కొనడానికి తను లేదా అని టైలరమ్మ ఆ రోజే కుళ్లుకుంది. ఇప్పుడు ఇంకోసారి కుళ్లుకుని కంచం తీసేసింది.

మర్నాడు పొద్దున, కుట్టిన కర్టెన్లు ఇవ్వడానికి ఆమె బజారుకి నడిచి వెళ్లింది. పెద్ద సిగ్నల్ దగ్గర రోడ్డు దాటబోతుంటే ఎదురుగా మూడు చక్రాల బండి. ఇద్దరూ ఈమెని చూడలేదు. బండి ఆగబోతుండగా వదిన ముందుకి వంగి తమ్ముడి ఎడమ మోకాలి మీద రెండుసార్లు తట్టింది. ఆయన తల వెనక్కి తిప్పి నవ్వాడు. ఇద్దరి మధ్యే ఉన్న సంగతికి నవ్వే నవ్వు. ఆ నవ్వు తనకి మాత్రమే ఉందనుకుంది టైలరమ్మ ఇన్నాళ్లూ.

ఇంటికొచ్చి పన్నెండు కాలర్లు తిరగేసి కుట్టింది. ఇన్నేళ్లలో ఏనాడూ చెయ్యని తప్పు. అన్నీ విప్పుకుంటూ కూర్చుంటే, ఒక్కో కుట్టుకీ కడుపుమంట ఇంకాస్త రాజుకుంది. సాయంత్రం ఎండ ఇంకా గోడ మీద ఉండగానే అక్కాతమ్ముళ్లు ఇద్దరూ వచ్చారు. కూతురు టీ పెట్టింది. టైలరమ్మ కప్పు ముట్టుకోలేదు.

"వదినా, రేపట్నించి పొద్దున బండి నేనెక్కుతాను. మీరు రానక్కర్లేదు" అంది.

వదిన తమ్ముడి వైపు చూసింది. ఆయన కప్పులోకి చూస్తూ, రేపు వద్దులే, ఇంకో పది రోజులు పోనీ అన్నాడు. ఆ పది రోజుల మాటతో ఈమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. సిగ్నల్ దగ్గర చూసిందీ, బూట్లూ, గేటూ, కుండీలూ, అన్నీ ఏకరువు పెట్టింది. మాట మీద మాట పెరిగి చివరికి నోరు జారింది.

"అంతగా తమ్ముడు కావాలంటే తీసుకెళ్లి మీ ఇంట్లోనే పెట్టుకోండి వదినా."

వదిన ముఖం పాలిపోయింది. టైలరమ్మకి ఆ మాట అన్న క్షణమే తప్పని తెలిసింది, కానీ వెనక్కి తీసుకునే ఓపిక లేదు. గబగబా బయటికి వెళ్లి బండి వెనక సీటెక్కి కూర్చుంది. ఇప్పుడే తియ్యండి బండి, నేనూ చూస్తాను ఇందులో ఏం సుఖముందో, అంది. వదిన గుమ్మం దాకా వచ్చి, "ఒరేయ్, కాలు జాగ్రత్త" అంది. అది కూడా తనని దెప్పడానికే అనుకుంది టైలరమ్మ.

బండి వీధి చివరికి వచ్చింది. ఎవరో ముసలాయన కర్ర పట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. మెకానిక్ బ్రేకు వేశాడు. వేస్తూ వేస్తూ, పాత బండి మీద లక్షసార్లు చేసినట్టే ఎడమకాలు తీసి కింద ఆనించాడు. బండి ఇంకా పూర్తిగా ఆగలేదు. ఆమె పక్కనే ఉన్న వెనక చక్రం మెల్లగా ముందుకి దొర్లి, బయటికి తిరిగి ఉన్న బూటు ముక్కు మీదికి ఎక్కి ఆగింది.

"కాలండీ, కాలు!" అని ఆమె అరిచింది.

ఆయన అరవలేదు. మెడ తిప్పి, "ఏమైంది? ఎందుకలా అరుస్తావ్?" అన్నాడు.

ఆమె వేలు పెట్టి చూపించింది. ఆయన కిందికి చూశాడు. తన కాలి మీదున్న చక్రాన్ని చూసి అప్పుడు తెలుసుకున్నాడు. వెనక్కి నడిచే గేరు వేసి, బండిని జానెడు వెనక్కి తీశాడు. బూటు నలగలేదు. టైలరమ్మ సీట్లోంచి వంగి ఆ బూటునే చూసింది.

"నొప్పి తెలీలేదా మీకు?"

"తెలీదు. ఆర్నెల్లయింది ఆ పాదంలో స్పర్శ తెలియక" అన్నాడాయన ఇంజను ఆపేసి.

అప్పుడు చెప్పాడు, వెనక్కి తిరక్కుండానే. నడుములో నరమేదో నొక్కుకుపోయిందట. రోజూ పొద్దున ఆసుపత్రిలో వ్యాయామం చేయిస్తున్నారట, ఇంకో పది రోజులుందట, వెంట వచ్చేది అక్క. బండి ఆగేముందు మోకాలు తట్టి, కాలు దించకని గుర్తుచేసేది కూడా అక్కే.

"అప్పుడు వానలో పాత బండి మీంచి నువ్వు పడ్డావు చూడు, మోచెయ్యి గీరుకుపోయింది. రోడ్డు మీద చమురుందని చెప్పాను కదా. చమురు లేదు. నా కాలే ఆనలేదు. నిన్ను నేనే పడేశాను. అందుకే ఆగినా పడని ఈ బండి తెచ్చాను. చెప్తే ఇంక నా వెనక ఎక్కవేమోనని భయమేసింది."

టైలరమ్మకి కళ్లనీళ్లు ఆగలేదు. అయినా కుళ్లు కుళ్లే. "అక్కకి చెప్పారు గానీ నాకు చెప్పలేదు" అంది ముక్కు తుడుచుకుంటూ.

"అక్క నర్సోయ్."

"నేను పెళ్లాన్ని."

ఆయన చెయ్యి వెనక్కి చాచాడు. ఆమె కాసేపు బెట్టుచేసి పట్టుకుంది.

ఇంటికి రాగానే వదిన గేటు దగ్గరే తమ్ముడి బూటు విప్పి, ఒక్కో వేలూ నొక్కి చూసింది. ఏమీ కాలేదని తేలాక గోడకి ఆనించిన గేటు రెక్క పక్కన చతికిలబడింది. టైలరమ్మ ఆమె పక్కన కూర్చుని, అన్న మాటకి క్షమించమంది.

"క్షమించడానికేముందమ్మాయ్. నాది తప్పు లేదా?" అంది వదిన. "ఇరవై రెండేళ్లు మా ఇంటి అరుగు మీద నిలబడి చూశాను. వాడూ నువ్వూ ఒక్కటే మనిషిలా వంగి మలుపు తిరిగేవాళ్లు. నాకేమో ఎక్కాలంటే భయం. కుళ్లుకుని చచ్చేదాన్ని. ఈ బండి వచ్చాక నాకూ ఒక సీటు దొరికింది. నీకు చెప్పమని వాణ్ణి మొదటి వారమే గట్టిగా అడగాల్సింది. చెప్తే సీటు పోతుందని ఊరుకున్నాను."

టైలరమ్మ ఆమెని చూసింది. ఇన్నాళ్లూ తనొక్కతే మండిపోతోందనుకుంది. వదిన భుజం మీద తల ఆనించి ఏడ్చింది. వదినా ఏడ్చింది. కూతురు గుమ్మంలోంచి, టీ చల్లారిపోయింది, మళ్లీ పెట్టనా అని అడిగింది.

మర్నాడు ఏడింటికి వెనక సీట్లో టైలరమ్మ ఉంది. ఆదివారాలు మాత్రం వదినవి, అది రాత్రే ఒప్పందమైంది. పెద్ద సిగ్నల్ రాబోతుంటే ఆమె ముందుకి వంగి ఆయన ఎడమ మోకాలు రెండుసార్లు తట్టింది. కాలు కదల్లేదు. బండి నిలబడింది. ఆయన తల తిప్పి నవ్వాడు.

సిగ్నల్ దాటాక మలుపు వచ్చింది. ఆమె వంగింది.

"దీనికక్కర్లేదని చెప్పానా" అన్నాడాయన.

"నాక్కావాలి" అంది.

తర్వాతి మలుపులో బండి నిటారుగానే తిరిగింది. దాని మీద ఇద్దరూ వంగారు.