మూడు గ్రాముల తేడా

"వీటిని ఎవరు ఏరారు?" అంది ఆ అమ్మాయి, నా నాలుగు కనెక్టింగ్ రాడ్లనీ కాటా మీద ఒక్కొక్కటే పెట్టి తీస్తూ.

"నేనేనండీ. నాలుగు షాపులు తిరిగి బెస్ట్ పీసులే తెచ్చాను," అన్నాను గర్వంగా. తాతగారి పాత కారు ఇంజన్‌ని నేనే కట్టుకుంటున్నానని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకు తిరుగుతున్న రోజులవి.

"మీరేం చేస్తుంటారు?"

"స్కూల్లో లెక్కలు చెబుతాను."

"నాలుగు క్లాసుల ఫస్ట్ ర్యాంకర్లని తెచ్చి ఒకే బెంచీ మీద కూర్చోబెడితే ఏమవుతుంది మాస్టారూ?"

"కొట్టుకుంటారు."

"ఇంజన్‌లోనూ అంతే. ఏది ఎంత గొప్పదని కాదు, నాలుగూ ఒకే బరువుండాలి. అన్నిటికన్నా తేలికైనది చూసి, మిగతా మూడింటినీ దానికి సరిపడా అరగదీయాలి. ఫ్లైవీల్, క్లచ్ కవర్ కూడా తెండి. కలిసి తిరిగేవి కాబట్టి కలిపే చూడాలి."

ఇంజన్ పార్టుల బరువులు సరిచేసే ఆ బ్యాలెన్సింగ్ షాపు వాళ్ళ నాన్నగారిది. కాటా, మిషను, నోరు మాత్రం ఆ అమ్మాయివే.

పది రోజుల్లో పదకొండుసార్లు వెళ్ళాను. రాడ్లు పూర్తయి ఇంటికొచ్చాయి. ఫ్లైవీల్ కూడా అయింది. క్లచ్ కవర్ దగ్గరే చిక్కొచ్చి పడింది. మొదటిది కుదర్లేదంది. రెండోదీ కుదర్లేదంది. మూడోది నిలువునా తడిసి తెచ్చాను.

"వాన పడుతుందో లేదో లెక్కేసుకోలేదా మాస్టారూ?" అంటూ తువ్వాలు నా మీదికి విసిరింది. దానికి గ్రీజు వాసన. ఆ వాసన కూడా నాకు హాయిగా అనిపించింది.

"ఇది కుదిరేలా ఉంది. శనివారం వచ్చి అన్నీ పట్టుకెళ్ళిపోండి," అంది.

అన్నీ పట్టుకెళ్ళిపోతే మళ్ళీ రావడానికి సాకేముంది? మీరంటే ఇష్టమని చెప్పేయొచ్చు. నలభైమంది పిల్లల్ని అదిలించే నోరు ఆ అమ్మాయి ముందు మాత్రం పెగలదు. అందుకని బుద్ధి గడ్డి తిని, ఒక రాడ్‌ని ఆకురాయితో కాస్త రుద్దాను.

శనివారం దాన్ని తీసుకెళ్ళి, "ఇదెందుకో తేడాగా ఉందండీ," అన్నాను.

కాటా మీద పెట్టింది. "మూడు గ్రాములు తక్కువ." వెలుతురుకేసి తిప్పి చూసింది. "ఇంట్లో ఆకురాయి ఉందా మాస్టారూ?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"మీ సరదాకి ఇప్పుడు మిగతా మూడింటినీ మళ్ళీ అరగదీయాలి. అది ఎంత పనో తెలుసా?" ఈసారి ఆమె కళ్ళలో నవ్వు లేదు.

నాకు నిజంగా సిగ్గేసింది. "సారీ అండీ. పనైపోతే మళ్ళీ మిమ్మల్ని చూడలేనని భయమేసింది. మీరంటే నాకు చాలా ఇష్టం. అది చెప్పే ధైర్యం లేక రాడ్డు పాడుచేశాను."

ఆమె శుభ్రంగా ఉన్న కాటానే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

అంతలో వాళ్ళ నాన్నగారు లోపల్నుంచి ఒక క్లచ్ కవర్ పట్టుకొచ్చారు. "అమ్మాయ్, మాస్టారు మొట్టమొదట తెచ్చింది ఇదేగా? ఇప్పుడే బిగించి తిప్పి చూశా. వంక పెట్టడానికి లేదు. మరి పాపం ఆయన్ని ఇంకో రెండుసార్లు ఎందుకు తిప్పావు?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నాన్నా! నువ్వు లోపలికెళ్ళు."

ఆయన వెళ్ళలేదు. మా మాటలన్నీ లోపల్నుంచి విన్నట్టున్నారు, రాడ్‌నీ, నన్నూ, కూతుర్నీ మార్చి మార్చి చూశారు. "సరిపోయింది. ఇద్దరికిద్దరూ దొంగలే! మాస్టారూ, రేపు మీ అమ్మనీ నాన్ననీ తీసుకురండి. ఏ పార్టూ తేనక్కర్లేదు."

నేను తలూపాను.

"ఆ ఆకురాయి మాత్రం తెండి," అంది ఆమె తలెత్తకుండా, నవ్వు ఆపుకుంటూ. "ఇకనుంచి అది నా దగ్గరే ఉంటుంది."