ఏడు తోళ్ళ తిత్తి

మార్సలికి లోకంలో అన్నిటికన్నా భయం ఒక్కటే. ఉయ్యాలలో పడుకున్న తన బిడ్డ ఊపిరి చప్పుడు వినపడకుండా పోవడం.

ఆ శుక్రవారం ఉదయం ఎనిమిదికి చూస్తే ఆ ఇంట్లో మాయమైంది మాత్రం బ్యాగ్‌పైప్ తిత్తి.

ముందుగదిలో గాజుపెట్టె తెరిచి ఉంది. అద్దం పగల్లేదు. తాళం విరగలేదు. మూడు శ్రుతి గొట్టాలు, స్వరాలు పలికే గొట్టం, ఊదే గొట్టం వరసగా పేర్చి ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి పట్టే గొర్రెతోలు తిత్తి మాత్రం లేదు.

పోర్ట్రీ పట్నం నుంచి పోలీసు సార్జెంట్ ఎఫీ నికల్సన్ వచ్చేసరికి వాన మొదలైంది. లోపల కేకలు అంతకుముందే మొదలయ్యాయి.

కేకలు మార్సలి తండ్రివి. బ్యాగ్‌పైప్ వాయించే పైపర్, టోర్కిల్ బీటన్. కేక మధ్యలో దగ్గు, దగ్గు మధ్యలో కేక. ఎదురుగా డాక్టర్ ఫినెల్లా రాస్. బ్యాగ్‌పైపుల చరిత్ర తవ్వడానికి ఎడిన్‌బరో నుంచి దీవికి వచ్చిన మనిషి. కోటు కూడా విప్పలేదు.

"దొంగ నీ ఎదురుగానే ఉంది ఎఫీ," అన్నాడు టోర్కిల్. " బేడీలు తెచ్చావా?"

"టీ తాగాక చూద్దాం పెద్దాయనా. తోలుతిత్తి ఎవరికి కావాలి? కొత్తది కొనుక్కోవచ్చు కదా?"

"ఇది దొరకదు. మా ఇంట్లో తిత్తి మార్చం. తోలు పాతబడితే దాని మీదే కొత్త తోలు కుడతాం. ఏడుగురు పైపర్ల ఊపిరి అందులో ఉంది. ఒక్కరి ఊపిరినీ బయటికి పోనివ్వలేదు."

"అందుకే నాకది కావాలి," అంది డాక్టర్ రాస్. "ఈయన ఒప్పుకున్నాకే వచ్చాను. పదింటికి కుట్లు విప్పాలి. అట్టడుగు తోలుకు శ్రుతి గొట్టాల కోసం మూడు రంధ్రాలుంటే, మూడు గొట్టాల పైపు ఇక్కడే పుట్టిందన్న ఈయన మాట నిజం. రెండే ఉంటే నా మాట నిజం."

"మీ మాట ఏమిటి?"

"ఆ మూడింటిలో పొడుగు గొట్టం తర్వాత తగిలించినది. దాని కర్ర ఈ దీవిలో మొలవదు. ఓడ మీద వచ్చింది."

"నువ్వూ ఓడ మీదే వచ్చావు. తిరుగు ఓడ మధ్యాహ్నం ఉంది," అన్నాడు టోర్కిల్.

"రెండు గొట్టాల పైపు ఐర్లండ్ వాళ్ళ దగ్గర ముందే ఉందంటారు బీటన్ గారూ. అంతకు ముందు రోమన్ల దగ్గర..."

"రేపు ఈజిప్టు పిల్లులు వాయించాయంటావు."

ఎఫీ నవ్వలేదు. మూడుంటే డాక్టర్ రాస్తున్న పుస్తకం పోతుంది. రెండుంటే టోర్కిల్ పరువు పోతుంది. తిత్తిని మాయం చేసే కారణం ఇద్దరికీ ఉంది. ఇద్దరూ సస్పెక్టులే.

"డాక్టర్ గారూ, నిన్న ఎక్కడున్నారు?"

"ఓడలో. సాయంత్రం దిగాను. అప్పటి నుంచీ లాడ్జిలోనే. అడగండి."

"పెద్దాయనా, తాళంచెవి?"

"నా మెడలో. ఎప్పుడూ నా మెడలోనే."

"స్నానానికి వెళ్ళినప్పుడు?"

టోర్కిల్ గడ్డం గీరుకున్నాడు. "మేకుకు తగిలిస్తా. నిన్న రాత్రి వాయించాక స్నానం చేశాను. ఏం, నేరమా?"

మార్సలి టీ తెచ్చింది. చంకలో ఏడాది పిల్ల ఊనా. పిల్ల దగ్గింది. పొడి దగ్గు. అచ్చం తాత దగ్గు.

"ఎన్నాళ్ళుగా?" అంది ఎఫీ.

"నెల దాటింది." మార్సలి కళ్ళెత్తలేదు.

"పైపర్ పిల్ల," అన్నాడు టోర్కిల్ మురిసిపోతూ. "మా వాళ్ళకి మాట రాకముందే పైపు పట్టాలి. రోజూ సాయంత్రం నేను వాయించాక ఊదే గొట్టం దీని నోట్లో పెడతా. ఎంత గట్టిగా పీలుస్తుందో చూడాలి నువ్వు."

ఎఫీ కప్పు కింద పెట్టింది. పెట్టె దగ్గరికి వెళ్ళి ఊదే గొట్టం వాసన చూసింది. తర్వాత మిగతావి, ఒక్కొక్కటే. వంటింట్లోకి వెళ్ళింది. పాలసీసాలు నానుతున్న గిన్నె మీదికి వంగింది. తిరిగొచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"దొంగ సొమ్ము ఎత్తుకుపోతాడు. మిగిలినదాన్ని కడిగిపెట్టడు. ఇక్కడ ప్రతి గొట్టాన్నీ కడిగారు. పాలసీసాలు నానబెట్టే మందునీళ్ళ వాసన."

ఎఫీ టోర్కిల్ వైపు తిరిగింది.

"పెద్దాయనా, వసంతంలో మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నారు. అక్కడ దగ్గు తగ్గిందా?"

"తగ్గింది. ఇంటికొచ్చాక మళ్ళీ పట్టుకుంది. ఈ పొయ్యి పొగ."

"ఆ పొయ్యి ముందు రోజంతా ఉండేది మార్సలి. ఆమెకు దగ్గు లేదు. ఈ ఇంట్లో దగ్గేది ఇద్దరు. ఆ గొట్టం నోట్లో పెట్టుకునేదీ ఆ ఇద్దరే."

మార్సలి బిడ్డను గుండెకు అదుముకుంది.

"నేనే తీశాను. నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు. ఆ పైపే దగ్గు తెస్తోందని ఎన్నిసార్లు చెప్పినా నవ్వాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసినదానికి వైద్యం ఏం తెలుసన్నాడు. పొయ్యిలో వేద్దామని దగ్గరిదాకా వెళ్ళాను. ఏడుగురి ఊపిరి కదా. చేతులు రాలేదు."

"ఎక్కడుంది?"

"బయట కొట్టంలో. దిండుగలీబులో కట్టి పెట్టాను."

పిల్లను గదిలో పడుకోబెట్టి తలుపు మూశారు. కొట్టంలోనే, ముక్కులకు గుడ్డలు కట్టుకుని, డాక్టర్ రాస్ కుట్లు విప్పింది. తోలు కింద తోలు. లోపలికి పోయేకొద్దీ పచ్చటి బూజు, ఆ కింద నల్లటి బూజు. అట్టడుగు తోలుకు రెండు రంధ్రాలు తెలిశాయి. మూడోది ఉండాల్సిన చోట తోలే లేదు. కుళ్ళి రాలిపోయింది.

"మూడుండేవో రెండే ఉండేవో ఇక ఎవరూ చెప్పలేరు," అంది డాక్టర్ రాస్. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

"తోలు మెత్తగా ఉండాలని నెలనెలా తేనె వెచ్చబెట్టి లోపల పోసింది నేను," అంది మార్సలి. "ఈ బూజును మేపింది నేనే నాన్నా."

టోర్కిల్ తిత్తి మీది నుంచి కళ్ళు తిప్పి కూతుర్ని చూశాడు.

"నువ్వు తోలుకు పోశావు. పసిదాని నోట్లో పెట్టింది నేను." మెడలో తాళంచెవి తీసి ఎఫీ చేతిలో పెట్టాడు. "స్టేట్‌మెంట్ రాసుకో. నేరం దగ్గర నా పేరు రాయి."

"ఇప్పుడు రాసేదేమీ లేదు. తాతనీ పిల్లనీ కారెక్కించండి. ఆసుపత్రికి పోదాం. ఆ తోలు కూడా ఒక సంచిలో కట్టండి, డాక్టర్లకు చూపిద్దాం."

కారు దగ్గర మార్సలి తలుపు తీయడానికి బిడ్డను తండ్రికి అందించబోయింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకివ్వకమ్మా," అన్నాడు.

ఆ బూజు పీల్చడం ఆగాక ఊనా కోలుకుంది. టోర్కిల్ ఊపిరితిత్తులు సగమే కోలుకున్నాయి. పిల్ల ఒళ్ళోకి ఎక్కబోతే ఇప్పటికీ ముందు నోరు కడుక్కుని వస్తాడు. గొట్టాలన్నీ పెట్టెలోనే ఉన్నాయి.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో వాద్యం ఊదేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. ఊరెళ్తే తగ్గి, ఇంటికి రాగానే మొదలయ్యే దగ్గు ఆయనకుందేమో. పొగ అనుకుని ఊరుకోకండి. ఇది పక్కన పెట్టి, లేచి వెళ్ళి, ఒక్కసారి ఆయన్ని చూసి రండి.