పాతేద్దాం

"కళ్లు లేనివాడెవడో నా పోస్టు తీసేశాడండీ," అన్నాడు కళ్లజోళ్ల షాపతను, ఆమె కళ్లజోడుకి స్క్రూ బిగిస్తూ.

ఆమె నవ్వబోయి ఊరుకుంది. ఈ వారంలో ఇక్కడికి రావడం ఇది రెండోసారి. ఆఫీసులో భోజనం మానేసి మరీ వచ్చింది. స్క్రూ వదులైన మాట నిజమే, గోటితో వదులు చేసుకున్నది మాత్రం తనే. అది అతనికి తెలియదు. ఆమె ఉద్యోగమేమిటో కూడా తెలియదు. "కంప్యూటర్ పని" అని చెప్పి ఊరుకుంది.

"తీసేసేంతగా ఏం రాశారేంటి?"

"మన వీధి గుంటల గురించండీ. కౌన్సిలర్‌కి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. 'ఆదివారం అందరూ రండి, కౌన్సిలర్ గుమ్మం ముందే పాతేద్దాం' అని రాశా."

నిన్న ఆఫీసులో ఆమె సీట్లోంచి లేవబోతుండగా తెర మీదికి వచ్చిన వాక్యం అది. జనం పెట్టే పోస్టులు చూసి, తప్పున్నవి తీసేయడమే ఆమె పని; రాసినవాళ్ల పేరు మాత్రం కనిపించదు. కౌన్సిలర్‌ని పాతేస్తామంటున్నారనుకుని 'బెదిరింపు' అన్న బటన్ నొక్కేసింది.

"ఏం పాతుతారు?"

"మొక్కలు. ఆయన ఇల్లూ ఈ వీధిలోనేగా, గుంటకో మొక్క. ఆయన్ని పాతాలంటే ఆ గుంటలు చాలతాయా? మనిషిని చూశారుగా."

అతని నవ్వు అంతలోనే ఆగింది. "నా పోస్టు తీసేయడం ఇది మూడోసారి. నాలుగింటికి ఖాతా మొత్తం పోతుందట."

"కొత్తది తెరుచుకోవచ్చుగా."

అతను ఫోన్ ఆమె వైపు తిప్పాడు. మంత్రిని వెక్కిరించిన పోస్టు కింద ఒక ముసలావిడ ఫోటో, పక్కన ఒకటే మాట: తిన్నావా? కరెంటు కోత మీద పోస్టు, దాని కింద మళ్లీ అదే: తిన్నావా?

"షాపులో ఫోనెత్తనని మా అమ్మ ఇక్కడ అడిగేది. పోయి రెండేళ్లయింది. కొత్త ఖాతాలోకి అమ్మ రాదు కదండీ."

గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. నోరు మూసుకుని వెళ్లిపోతే తనకి అతను మిగులుతాడు, అతనికి వాళ్లమ్మ మిగలదు.

"ఆ కళ్లు లేనిదాన్ని నేనే," అంది.

స్క్రూడ్రైవర్ ఆగింది. అతను అద్దాలు తుడిచి, కళ్లజోడు బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడు కనిపిస్తుందేమో చూసుకోండి."

ఆ తర్వాత తలెత్తలేదు.

ఆమె వానలో తడుస్తూ ఆఫీసుకి పరుగెత్తింది. సెక్షన్ మేడమ్ విని నిట్టూర్చింది.

"తెలిసినవాళ్ల పోస్టు నువ్వు ముట్టుకోకూడదమ్మా."

"అందుకే మీరు చూడండి మేడమ్. తప్పు నాదని రాసిస్తాను."

"ఈ నెలలో నీకిది మూడో తప్పు. రాసిచ్చావంటే సీటు ఖాళీ చెయ్యాలి, తెలుసుగా?"

"తెలుసు మేడమ్."

మేడమ్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. "ఎవర్ని పాతుతారని ఉంది ఇందులో?"

"ఎవర్నీ లేదు మేడమ్. నేనే చేర్చుకున్నాను."

మేడమ్ పైవాళ్లకు ఫోన్ చేసింది. లైన్ దొరకలేదు. మళ్లీ చేసింది. ఈలోగా ఆమె తప్పు తనదని రాసిన కాగితం మీద సంతకం పెట్టి, నీళ్ల సీసా, స్వెట్టరూ సంచిలో సర్దుకుంది.

మూడూ యాభై అయిదుకి, మెట్ల మీద నిలబడి ఫోన్ చూసింది. పోస్టు తిరిగొచ్చింది. పాతవన్నీ ఉన్నాయి. ముసలావిడ కూడా ఎక్కడికీ పోలేదు.

పోస్టు కింద 'తిన్నావా' అని టైపు చేసింది. వేలు ఆగింది. ఆ మాట ఒకావిడది. అక్షరం అక్షరం తుడిపేసింది. ఈ ఉద్యోగంలో తను తీసేసిన వాటన్నిటిలో అనుమానం లేకుండా తీసేసింది అదొక్కటే.

'గడ్డపార నేను తెస్తాను' అని పెట్టింది.

నాలుగు దాటింది. నాలుగుంపావు. వాన సన్నబడింది. ఇక జవాబు రాదనుకుని గొడుగు లేని తల మీదికి సంచి ఎత్తుకుంది. అప్పుడు చేతిలో ఫోన్ వణికింది.

ఇన్నాళ్ల ఆ 'మీరు' లేదు, ఆ 'అండీ' లేదు. ఒకటే మాట.

తిన్నావా?