శోకమాపకం నేర్చుకున్నది

భానోజీకి వంకాయ పడదు. పడేది కాదు అని ఎందుకనాలి, పోయినంత మాత్రాన తన తమ్ముడికి వంకాయ పడటం మొదలవుతుందా, అయినా ఆ దురద, ఆ తుమ్ములు... అని నూకరత్నం ఇంకా ఏదో అనుకోబోతుంటే చెవి వెనక శోకమాపకం చురుక్కుమంది.

"వర్తమాన కాలం వాడారు," అంది యంత్రం. "ఈ ఉదయం ఇది ఏడోసారి."

2071లో విశాఖలో ఎవరు పోయినా ఇంట్లోవాళ్ళంతా ఆ చిన్న బిళ్ళ అతికించుకోవాలి. గుండెదడ, నిద్ర కొలుస్తుంది. పెదవి దాటని మాటను కూడా గొంతు నరాల కదలికలో చదువుతుంది. ఆందోళన, శోకం కలిపి ఒక అంకె వేస్తుంది. తొంభైయ్యో రోజున ఆ అంకె నలభై దాటితే అది దుఃఖం కాదు, వ్యాధి. అప్పుడు తలపట్టీ కట్టి శమన తరంగం పంపుతారు. పోయిన మనిషి గుర్తుంటాడు. అతని గొంతు మాత్రం గుర్తుండదు.

ఇవాళ తొంభైయ్యో రోజు. నూకరత్నం అంకె అరవై ఒకటి.

ఆ యంత్రానికి పాఠం చెప్పిన పన్నెండుమంది మనస్తత్వ నిపుణుల్లో పెద్దది ఆమే.

శమన కేంద్రంలో తలపట్టీ సిద్ధం చేస్తున్న ఆపరేటర్ సన్యాసిరావు నసిగాడు. "మీ పాఠం చదివే ఈ ఉద్యోగంలోకి వచ్చాను మేడమ్. మీకే పెట్టాలంటే ఎలాగో ఉంది. కాస్త తమాయించుకోలేరేటి?"

"మీ నాన్న పోయినప్పుడు నువ్వు తమాయించుకున్నావేటి?"

"లేదు. నాకూ పెట్టీసారు." అతను వైరు సరిచేశాడు. "మా అయ్య నన్ను ఏమని పిలిసేవోడో కాయితమ్మీద రాసుకున్నాను. సదివితే నా గొంతే ఇనపడతాది."

నూకరత్నం చెవి వెనక బిళ్ళను తడిమింది. "నలభై అన్న హద్దు ఎవడు పెట్టాడు?" అని యంత్రాన్ని అడిగింది.

"మీరే."

"నేను నీకు లక్షణాలు నేర్పాను."

"లక్షణాల మీద మీ పన్నెండుమందికి ఏకాభిప్రాయం కుదరలేదు. అయినవాళ్ళు పోయిన రెండు వేలమంది మాటల రికార్డింగులు విని, ఇది వ్యాధి అనిపించినచోట మీట నొక్కారు. ఆ క్షణాన రోగులందరిలో ఉమ్మడిగా ఏ మార్పూ లేదు. మీలో ఉంది. కుర్చీలో కదిలారు. నిట్టూర్చారు. గడియారం చూశారు. నేను నేర్చుకున్నది అదే."

"అంటే?"

"ఏడ్చేవాళ్ళ మీద వినేవాళ్ళకు ఎప్పుడు విసుగొస్తుందో చెప్పగలను. నలభై అంటే ఆ చోటే. నా లెక్క దాదాపు తప్పదు."

బిళ్ళను పీకి నేలకేసి కొట్టాలనిపించింది. చట్టాన్ని తిట్టాలనిపించింది. కోపం ఎటు విసిరినా తిరిగి ఆ మీట నొక్కిన తన వేలి దగ్గరికే వస్తోంది. మోసం చేసింది యంత్రమైతే ఎంత బాగుండేది.

"నేను మొదట నొక్కింది ఎవరి దగ్గర?"

"పూడిమడక ఊళ్ళో చేపలమ్మే మనిషి. ఇద్దరు కొడుకులు సముద్రం మీద వేటకెళ్ళి తిరిగి రాలేదు. మీరు నాలుగో నిమిషంలో నొక్కారు. ఆమె యాభై ఒక్క నిమిషాలు మాట్లాడింది."

"మిగతాది ఎవరైనా విన్నారా?"

"లేదు."

సన్యాసిరావు తలపట్టీ పట్టుకుని నిలబడ్డాడు. "టైమైంది మేడమ్."

"అది అవతల పెట్టు. నువ్వూ కూర్చో," అంది నూకరత్నం. తర్వాత యంత్రంతో, "నాలుగో నిమిషం నుంచి వినిపించు."

అతను ఒక్క క్షణం తటపటాయించి, పట్టీని బల్ల మీద పడేసి స్టూలు లాక్కున్నాడు.

గరగరమన్న ఆడగొంతు ఒకటి, సగంలో తెగిన వాక్యంతో మొదలైంది. కొంచెం దగ్గింది. ఎవరైనా వింటున్నారో లేదోనన్నట్టు ఆగింది.

"చెప్పమ్మా," అంది నూకరత్నం.