నర్సమ్మవ్వను పలకరించని సాలోమి

సాలోమి పెదవులు బిగించుకుని, తల వంచుకుని నాచారంలోని తమ గల్లీలో నడుస్తోంది. భుజాన స్కూల్ బ్యాగు వేలాడుతోంది. పక్కింటి అరుగు మీద ఎప్పటిలాగే వెంకటనర్సమ్మవ్వ కూర్చుని ఉంది.

"బడి అయిపోయిందా బిడ్డా? తిన్నవా? అమ్మ డ్యూటీకి పోయిందా? తమ్ముని దగ్గు తగ్గిందా?"

అవ్వ పలకరింపంటే అదీ. చివరికి సాలోమి వాళ్ల పిల్లి సంగతి కూడా అడిగితే గాని ఊరుకోదు. సాలోమికి అది ఎంతో ఇష్టం. అయినా ఇవాళ పలక్కుండా వెళ్లిపోయింది. మనసుకి కష్టంగానే ఉంది.

పొద్దున బైబిల్లో, లూకా సువార్త చదివింది. శిష్యుల్ని ఊళ్లకు పంపుతూ, దారిలో ఎవరినీ పలకరించవద్దని యేసు ప్రభువు చెప్పిన మాట కనబడింది. అంతే, పుస్తకం మూసేసి పాటించడం మొదలుపెట్టింది మన పెద్దమనిషి.

మర్నాడూ అలాగే చేసింది. ఆ తర్వాత అవ్వ అరుగు మీద కూర్చోవడమే మానేసింది.

"నర్సమ్మవ్వ మస్తు బాధపడుతున్నది. నేనేం తప్పు చేసిన, బిడ్డ మాట్లాడతలేదని అడిగింది" అంది అమ్మ. సాలోమికి ఏడుపొచ్చింది. అవ్వ ఇక ఎప్పటికీ పిలవదేమో!

ఆదివారం ఉప్పల్ చర్చిలో, సండేస్కూల్ మార్తమ్మ టీచర్‌కు అంతా చెప్పేసింది. టీచర్ నవ్వలేదు.

"తమ్మునికి జ్వరమొస్తే అమ్మ నిన్ను గోలీలకు పంపిందనుకో. నడుమ అవ్వ దగ్గర కూసుంటవా?"

"లేదు టీచర్. ఉరుకుత."

"శిష్యులు గూడ గట్లనే జల్ది పోవాల్సిన పనిమీద పోయిన్రు. ఆ దేశంల అప్పట్ల పలకరింపంటే మీ అవ్వ లెక్కనే. కూసోబెట్టి ఇంటిల్లిపాది మంచిచెడ్డ అడిగేటోళ్లు. అందుకే ఆగొద్దన్నడు. తర్వాతి మాట చదివినవా?"

చదవలేదు. ఇప్పుడు చదివింది. ఏ ఇంట్లో అడుగుపెట్టినా, ముందు ఆ ఇంటికి శాంతి కలగాలని చెప్పమని ఉంది.

అమ్మతో ఇంటికి తిరిగొస్తుంటే, ఉప్పల్ కొత్త స్టేడియంలో మ్యాచ్ ఉండి దారంతా జామ్. ఆటో కదలదే! నాచారంలో దిగగానే సాలోమి అమ్మకంటే ముందు పరుగెత్తి అవ్వ తలుపు తట్టింది.

"ఈ ఇంటికి శాంతి కలగాలి అవ్వా" అంది రొప్పుతూ.

అవ్వకు ఏమీ అర్థం కాలేదు. "నా మీద కోపం పోయిందా బిడ్డా?"

"కోపం కాదవ్వా. తప్పు నాదే. ఒక్క ముక్క చదివి మిగతాది ఇడిసిపెట్టిన."

సాలోమి అవ్వ చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది. "తిన్నవా అవ్వా? మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఊరి నుంచి నీ కొడుకు ఫోన్ చేసిండా?"

అవ్వ కళ్లు తుడుచుకుని ఒక్కొక్కటే చెప్పసాగింది.

కాసేపటికి అమ్మ అన్నానికి పిలిచింది.

"జర ఆగమ్మా" అంది సాలోమి. "అవ్వ కోడిపిల్లల సంగతి ఇంకా అడగలే."