వెనక్కి వంగే మోకాలు

"మాస్టారూ, మోకాలంటే ఏమిటో తెలుసా మీకు?"

పొద్దున్నే షట్టరు ఎత్తానో లేదో, పశువుల డాక్టరమ్మ ప్రత్యక్షం. ఒక చేతిలో కుంటుతున్న తన పెంపుడు కుక్క బండోడి గొలుసు, ఇంకో చేతిలో వాడికి నేను చేసిచ్చిన మోకాలి పట్టీ. దాన్ని బండోడు సగం నమిలేశాడు.

నాకు ఒళ్ళు మండింది. దెబ్బ తగిలిన కాళ్ళకి పట్టీలు చేయడం పదేళ్ళుగా నా పని. ఇంతవరకూ ఏ పేషెంటూ నా పట్టీని నమల్లేదు.

"మోకాలంటే కాలు మధ్యలో వంగేదండీ. అక్కడికే చేశాను, రెండుసార్లూ!"

"రెండుసార్లూ చీలమండకే చేశారు."

"అంత పైన చీలమండేమిటండీ? పైగా వెనక్కి వంగుతుంటేనూ!"

"కుక్క మునివేళ్ళ మీద నడుస్తుంది. మడమ గాల్లోనే ఉంటుంది. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట పక్కన ఉంటుంది. మనకిలాగే ముందుకే వంగుతుంది. గుర్రానికీ అంతే."

"నేను నమ్మను."

"అయితే చేతులు నేల మీద పెట్టండి. మునివేళ్ళ మీద నిలబడండి."

పంతానికి పోయి నిలబడ్డాను. ఆవిడ నా బల్ల మీది స్కేలు తీసుకుని గాల్లో ఉన్న నా మడమ మీద తట్టింది. "మీరు పట్టీ వేసింది ఇక్కడ." తర్వాత నా పొట్ట కిందికి ముడుచుకున్న మోకాలి మీద తట్టింది. "నేను వేయమన్నది ఇక్కడ."

సరిగ్గా అప్పుడే మా అమ్మ కాఫీలు పట్టుకొచ్చింది. "ఒరేయ్, ఏమిట్రా ఈ అవతారం?"

"కుక్కనయ్యానే అమ్మా!"

"నాకెప్పుడో అనుమానం వచ్చింది. డాక్టరమ్మగారూ, మీరు కాఫీ తీసుకోండి."

ఉక్రోషంగా బండోడి తొడ కింద తడిమాను. బొచ్చులో చిన్న చిప్ప బొటనవేలికి తగిలింది. నిజమే, మోకాలి చిప్ప! నాకు తల కొట్టేసినట్టయింది.

"మూడోదీ కుదరకపోతే పక్క ఊళ్ళో చేయించుకుంటాను" అనేసి వెళ్ళిపోయింది ఆవిడ.

పీడ విరగడైందని సంతోషించాలి కదా? ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆవిడ వస్తుందేమోనని మూడు వారాలుగా అరగంట ముందే షట్టరు ఎత్తుతున్నానని అప్పుడు తెలిసొచ్చింది. నా మీద నాకే చిరాకేసింది.

నాలుగో రోజు ఆవిడ బండోణ్ణి తీసుకురాగానే కింద కూర్చుని మూడో పట్టీ బిగించాను. బండోడు దాన్ని ఒకసారి వాసన చూశాడు. తర్వాత కాలు నేలకి ఆనించి గుమ్మం దాకా నడిచాడు, తిరిగొచ్చాడు. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"థాంక్స్ అండీ. ఇక మీ జోలికి రాను లెండి."

"ఎందుకు రారు?" అరిచేశాను. "ఇన్నాళ్ళూ నా ప్రాణం తోడేసి, ఇప్పుడు రానంటే ఎలా? మీరు రాకపోతే నాకు తోచదు. మీరంటే నాకిష్టమండీ!"

బండోడు కూడా తలెత్తి చూశాడు. 

"కొలత సరిగ్గా చూసుకున్నారా?" అంది ఆవిడ. "మీకు రెండుసార్లు తప్పడం అలవాటు."

"ఇది మొదటిసారే కుదిరిందండీ."

"మోకాళ్ళ మీద కూర్చుని మరీ చెబుతున్నారు."

"మరి, మోకాలంటే ఏమిటో తెలిసింది కదా!"

ఆవిడ నవ్వేసింది. నన్ను లేపడానికి చెయ్యి చాపి, లేచాక కూడా వదల్లేదు.

లోపలి నుంచి మా అమ్మ కేకేసింది. "కాఫీ చల్లారిపోతోంది. ఒరేయ్, నువ్వు రాకపోయినా ఫర్వాలేదు. అమ్మాయీ, నువ్వు రామ్మా."