పాలకూరలో చిల్లులు

కౌంటర్ మీద శవం.

కుందేలు శవం. తెల్లటిది, బొద్దుగా ఉంది. మూతి చుట్టూ నురగ ఎండి అట్టకట్టింది.

2006 ఆగస్టు. శనివారం ఉదయం తొమ్మిదిన్నర. బ్రూక్‌ఫీల్డ్‌లోని ఆ ఆర్గానిక్ కూరగాయల షాపులో కొనేవాళ్ళంతా ఒక్కసారిగా వెనక్కి జరిగారు.

"మీ పాలకూర తప్ప ఇంకేం పెట్టలేదు అంకుల్. నైట్ తింది, మార్నింగ్‌కి ఇలా! వెట్ చూసి పెస్టిసైడ్ పాయిజనింగ్ అన్నాడు. మా పాపకి కూడా అదే పాలకూర పప్పులో వేశాను. బాగా వాష్ చేశాను కాబట్టి సరిపోయింది. లేకపోతే?"

శ్రుతి సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మిగిలిన పాలకూర కట్టను కూడా కవర్లో పెట్టి తెచ్చింది.

ఆమె నిలదీసింది షాపు ఓనరును కాదు. పక్కన నిలబడ్డ చెన్నరాయప్పను.

న్యాయమే. చెన్నరాయప్ప రిటైర్డ్ క్రైమ్ బ్రాంచ్ ఇన్‌స్పెక్టర్. షాపు ఆయన బావమరిది మంజునాథ్‌ది. కానీ లేఅవుట్‌లో ఇల్లిల్లూ తిరిగి, "మందు కొట్టని పంట, నాదే పూచీ" అని చెప్పింది ఆయనే. భార్య జయమ్మను ఏళ్ళ తరబడి వేధించిన కడుపుమంట ఈ కూరలు తిన్నాకే సర్దుకుంది. అది కళ్ళారా చూసిన నమ్మకం.

మంజునాథ్ గబగబా కవర్లోంచి కట్ట తీశాడు. "చిల్లులు చూడండి మేడమ్! మందు కొట్టిన ఆకును పురుగు ముట్టుకుంటుందా?"

ఆ మాట కూడా చెన్నరాయప్ప నేర్పిందే. అందుకే ఈ షాపులో చిల్లులున్న కట్టలే ముందు అమ్ముడుపోతాయి. నున్నటి ఆకును చూస్తే జనం మొహం తిప్పుకుంటారు.

శ్రుతి వెటర్నరీ డాక్టర్ రాసిచ్చిన కాగితం చూపించింది. మంజునాథ్ వెంటనే మాట మార్చాడు.

"అయితే ఆ సొన్నప్ప పనే బావా. పురుగు పట్టినాక మందు కొట్టి పంపినాడు. సాయంత్రానికి అందరికీ చెప్పేస్తా. ఇంక వాని ఆకు మనకొద్దు."

చెన్నరాయప్ప కట్టను తన వైపు లాక్కున్నాడు. సొన్నప్ప హోస్కోటె దగ్గర రైతు. ఆయన మాట నమ్మి మందులు మానేసినవాడు. మొదట్లో దిగుబడి పడిపోయి ఊరంతా నవ్వినా వెనక్కి తగ్గలేదు. ఈ షాపు పొమ్మంటే అతని కూరను ఆర్గానిక్ పేరుతో ఇంకెవరూ కొనరు.

"సాయంత్రం ఐదు దాకా నోరు మెదపొద్దు. ఈ కట్ట నా దగ్గరే ఉంటుంది" అన్నాడు.

పదకొండింటికి చెన్నరాయప్ప సొన్నప్ప తోటకు చేరాడు.

"మందు కొట్టినావా?"

"లేదు సార్."

"పురుగు పడితే?"

"వేపగింజల కషాయమే. మందు పంపు ఎప్పుడో అమ్మేస్తిని." సొన్నప్ప రెండు చేతులూ ముందుకు చాపాడు. "చూడండప్పా. మందు కొట్టే దినాల్లో ఈ తోలు ఊడి వచ్చేది. బిడ్డను ఎత్తుకునేకి భయపడతా ఉంటిని. మీ మాట మీద మానినా. ఇప్పుడు మీరే నమ్మకుంటే నేను ఎవరికి చెప్పేది?"

చెన్నరాయప్ప కిందికి వంగాడు. మడిలోంచి పురుగు కొరికిన ఆకులు నాలుగు కోసి జేబులో పెట్టుకున్నాడు.

తోట గట్టు మీదే, షాపుకు ఆకు తోలే లగేజ్ ఆటో నాగరాజు దొరికాడు.

"దారిలో ఎక్కడ ఆపుతావు?"

"టీకి కూడా ఆపను సార్. ఆకు వాడిపోతాది."

"దింపేది ఎక్కడ?"

"షాపు వెనక గోడౌన్లో. బీగం మంజన్న దగ్గరే ఉంటాది. ఆయనే తీస్తాడు, ఆయనే వేస్తాడు."

మధ్యాహ్నం రెండుకు గోడౌన్. మంజునాథ్ నవ్వుతూనే తాళం తీశాడు. ఖాళీ క్రేట్లు, తడి గోనెలు, అరటినార. ఒక మూల నేలంతా అగరబత్తి బూడిద. గుప్పెడు కాలిన పుల్లలు.

గోడలకు ఒక్క దేవుడి పటం లేదు. మంజునాథ్ దేవుడికి దండం పెట్టగా పెళ్ళిలో కూడా ఎవరూ చూడలేదు.

చెన్నరాయప్ప వంగి ఆ బూడిదను వేలితో తాకి చూశాడు. మంజునాథ్ తన చేతుల మీద పెరిగిన కుర్రాడు.

సాయంత్రం ఐదు. షాపు షట్టర్ సగం దించారు. శ్రుతి, సొన్నప్ప, నాగరాజు, మంజునాథ్. తమ్ముడి షాపు మీద నింద పడిందని విని జయమ్మ కూడా పరుగున వచ్చింది.

చెన్నరాయప్ప తోటలో కోసిన ఆకులు కౌంటర్ మీద పరిచాడు.

"ఇవి పురుగు తిన్నవి. అంచు నుంచి కొరికింది. ఈనె వదిలేసింది. నల్లగా రెట్ట వేసింది. ఏ రెండు ఆకులూ ఒక తీరుగా లేవు."

తరువాత శ్రుతి తెచ్చిన కట్ట ఎత్తి లైటుకు ఎదురుగా పట్టాడు. ఒకే చిల్లు కట్టనంతా దాటి, అవతలి వెలుతురు కనిపించింది.

"చిల్లు గుండ్రంగా ఉంది. ఈనె కూడా తెగింది. అంచు గోధుమ రంగులో కమిలింది. ఇన్ని ఆకుల్ని వరసగా గుచ్చి తినే పురుగు ఎక్కడా లేదు. చిల్లు ఉందా లేదా అనే అందరం చూశాం. నేనూ అంతే. అది ఎలాంటి చిల్లో చూడలేదు. ఇది అగరబత్తితో కాల్చింది. సొన్నప్ప ఆకుకు చిల్లులు కాల్చాల్సిన పనే లేదు. ఇది బయట మార్కెట్లో కొన్న నున్నటి ఆకు, దాని మీద మందు ఆరకముందే ఇక్కడికి వచ్చింది. బూడిద గోడౌన్లో ఉంది. గోడౌన్ తాళం ఒక్కడి దగ్గరే ఉంది."

అందరూ మంజునాథ్ వైపు తిరిగారు.

"గిరాకీ పెరిగిపాయె బావా" అన్నాడు. "సొన్నప్ప ఆకు చాలకపాయె. లేదంటే కస్టమర్లు పోతారని..."

"వాళ్ళకు మాట ఇచ్చింది నేను రా!" చెన్నరాయప్ప అరుపుకు కౌంటర్ మీది తూకం రాళ్ళు అదిరాయి. "నా మాట అమ్ముకున్నావు. చేసింది నువ్వు, దొంగ సొన్నప్పా?"

సొన్నప్ప తలగుడ్డతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

మంజునాథ్ అక్క కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "అక్కా, నీ మీద ఆన. మీ ఇంటికి మాత్రం ఒక్కనాడూ బయట ఆకు పంపలేదు. నీ సంచిలోకి సొన్నప్ప ఆకే, నా చేత్తో ఏరి పెట్టినాను."

చెన్నరాయప్ప సర్వీసులో ఎందరో నేరం ఒప్పుకోవడం విన్నాడు. ఇంత ప్రేమగా ఒప్పుకున్నవాణ్ణి ఇదే చూడటం.

జయమ్మ తమ్ముడి తల మీదికి వెళ్ళబోయిన చేతిని వెనక్కి తీసుకుంది.

"అంటే అది విషమని నీకు తెలుసు" అంది. "తెలిసే ఈయమ్మ బిడ్డకు పెట్టినావు."



చెన్నరాయప్ప ఫోన్ అందుకుని స్టేషన్ నంబర్ కలిపాడు. అవతల "హలో" అన్నారు. ఆయనకు నోరు పెగల్లేదు. జయమ్మ వచ్చి రిసీవర్ తీసుకుంది. కంప్లైంట్ ఆమే చెప్పింది, తడబడకుండా.

అవతలి మనిషి నిందితుడి పేరు అడిగాడు. చెప్పింది. తండ్రి పేరు అడిగాడు.

"రామాంజినప్ప" అంది జయమ్మ. "మా నాయన."